ఎర్ర అంచు కుడివైపు

విజయవాడ స్టేషన్‌లో, ఆరో నంబరు ప్లాట్‌ఫారం మీద, పట్టపగలు కొరియర్ వెంకటప్పయ్యను పొడిచి చంపారు. అతని సంచిలోంచి పోయింది ఒక్కటే వస్తువు. నల్లటి ఫ్లాపీ డిస్క్, అరచేతికంటే కాస్త పెద్దది.

"అందులో ఇరవై ఏడు పేర్లున్నాయి," అన్నాడు చీఫ్ రామకోటేశ్వరరావు. "తీరం వెంబడి మనకు కబుర్లందించేవాళ్లు. శత్రువుల ఓడ రేపు సాయంత్రం నాలుగింటిదాకా బందరు దరిదాపుల్లో ఉంటుంది. ఈలోగా ఆ పేర్లు వైర్‌లెస్‌లో దానికి చేరితే మనవాళ్లు ఒక్కరూ మిగలరు. అర్థమైందా, ఇశ్రాయేలూ?"

"అర్థమైందండి."

జాబితాలో ఏడో పేరు అమలమ్మది. అవనిగడ్డ దగ్గర నర్సు, ఇద్దరు పిల్లల తల్లి. "నేనున్నాగా, భయమెందుకమ్మా" అని ఆమెను ఈ పనికి ఒప్పించింది ఇశ్రాయేలే.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి, 1979 నాటి మన మేటి గూఢచారి కంకిపాడులో మూతపడ్డ ఓ రైసుమిల్లులో, చేతులు వెనక్కి విరిచి కట్టిన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎరువుల కంపెనీ ఏజెంటు వేషం పనికిరాలేదు. మత్తు చిమ్మే పెన్ను, వైర్‌లెస్ వాచీ, మడమలో కత్తి దాచిన బూటు, అన్నీ ఎదురుగా బల్లమీద ఉన్నాయి. సంతలో అమ్మకానికి పెట్టినట్టు వాటిని వరసగా పేర్చింది మార్త.

మార్త డబుల్ ఏజెంట్. నల్ల కళ్లద్దాలు, షిఫాన్ చీర, గదిలోకి రాకముందే వచ్చే సెంటు వాసన. మూడు నెలలుగా ఆమె మన మనిషేననుకుంటూ గాంధీనగరం హోటళ్లలో కాఫీ తాగించాడు ఇశ్రాయేలు. ఈ మిల్లు అడ్రసు ఇచ్చింది కూడా ఆమే. అతగాడు తిన్నగా నడిచొచ్చి బోనులో పడ్డాడు.

ముఠా నాయకుడు క్రోల్ అనే విదేశీ దొర. డిస్క్‌ను చదవాల్సిన కంప్యూటర్ ఓడ దిగింది గానీ, దాన్ని బిగించాల్సిన ఇంజనీరు మద్రాసు ఎయిర్‌పోర్టులో పట్టుబడ్డాడు. అందుకని ఊళ్లో వైరింగ్ చేసే జక్కయ్యను పిలిపించారు.

"ఈ కేబుల్ డిస్క్ పెట్టే ఆ డ్రైవు వెనక్కి తగిలించాలండీ. అంతే," అంది మార్త.

జక్కయ్య బల్లపరుపుగా ఉన్న కేబుల్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక అంచున ఎర్రగీత ఉంది. ఎర్ర అంచును కుడివైపు ఉంచి, గట్టిగా నొక్కేశాడు.

ఇశ్రాయేలు ఊపిరి ఆగిపోయింది. అది ఎడమవైపు ఉండాలి.

ఫ్లాపీ డ్రైవుకు సొంత తెలివి ఉండదు. కేబుల్‌లోని ముప్పై నాలుగు వైర్లలో ఒకటి మోటారు తిప్పమంటుంది, ఒకటి డిస్క్‌ను చదివి రాసే హెడ్‌ను జరపమంటుంది, ఒకటి రాయమంటుంది. ఆజ్ఞ మోసే వైరు ఎర్త్‌కు తగిలిందంటే డ్రైవు ఆ పని చేసేస్తుంది. కేబుల్ తిరగబడితే ఆజ్ఞలన్నీ ఒక్కసారే ఎర్త్‌కు తగులుతాయి. రాయమన్న ఆజ్ఞా అందులోనే. రాయడానికేమీ లేని హెడ్, తన కిందున్నదాన్ని తుడిచేస్తుంది. పేర్లన్నీ డిస్క్ మీది వలయాల్లో మొదటిదైన ట్రాకులోనే ఉన్నాయి. హెడ్ అక్కడే ఉందా? ఉన్నచోటినుంచి అతనికి కనబడదు. అడగడానికీ లేదు.

మార్త యంత్రాన్ని వదిలేసి అతని మొహం చూస్తోంది.

"ఇతను ఊపిరి బిగబట్టాడు. ఏదో తేడా ఉంది," అంది. "జక్కయ్యగారూ, అది సరిగ్గానే పెట్టారా?"

జక్కయ్యకు పౌరుషం వచ్చింది. "ఇరవయ్యేళ్లబట్టి వైరింగు చేస్తన్నానమ్మా. ఎర్రది ఫేజు. ఫేజెప్పుడూ ప్లగ్గులో కుడిపక్కనే ఉండాల. కంకిపాడులో ఏ ఇంట్లోకైనా పోయి చూసుకోండి. నామీద నమ్మకం లేకపోతే ఇంకోళ్లని పిలిపించుకోండి." స్క్రూడ్రైవరు జేబులో పెట్టేసుకున్నాడు.

ఇంకొకరిని పిలిచే వ్యవధి లేదు. గంట మూడూ నలభై ఐదు. క్రోల్ డిస్క్‌ను లోపలికి తోశాడు.

ఎర్ర దీపం వెలిగింది. ఆరలేదు. డిస్క్ గిర్రున తిరుగుతూనే ఉంది, తెరమీద ఒక్క అక్షరం లేదు. పరలోకమందున్న మా తండ్రీ అని మొదలుపెట్టి, సగంలో మాటలు మరిచిపోయాడు ఇశ్రాయేలు.

పది నిమిషాలు చూసి, మార్త కేబుల్ పీకింది. తిప్పి పెట్టింది.

ఇప్పుడు ఎర్ర అంచు ఎడమవైపు ఉంది. దీపం వెలిగి, ఆరి, పద్ధతిగా మినుకుమంది. డ్రైవు చదువుతోంది. ఇశ్రాయేలు కళ్లు మూసుకోలేకపోయాడు. ఏడో వరుసలో ఆ పేరు వస్తే ఈ జన్మలో తనను తాను క్షమించుకోలేడు.

తెరమీద ఒకే వాక్యం వచ్చింది. డిస్క్ ఖాళీగా ఉన్నది.

నాలుగు దాటింది. ఓడ వెళ్లిపోయింది. క్రోల్ పిస్తోలు తీసి ఇశ్రాయేలు కణతకు ఆనించిన క్షణాన మిల్లు తలుపు విరిగిపడింది. మూడింటికల్లా రావలసిన చీఫ్ బలగం నాలుగూ పదికి వచ్చింది. దారిలో గడ్డి లారీ అడ్డం పడిందట.

"శభాష్. ఎలా ఆపావయ్యా?" కట్లు విప్పుతూ అడిగాడు చీఫ్.

"చూస్తూ కూర్చున్నానండి," అన్నాడు ఇశ్రాయేలు. అది నిజమే కాబట్టి అతనికి ఏడుపొచ్చింది.

మూల నిలబడిన జక్కయ్య దగ్గరికొచ్చాడు. చిన్నబోయి ఉన్నాడు. "మీరన్నా చెప్పండి బాబూ. ఆవిడ నా పని పీకి తిరగేసింది. ఎర్రది కుడిపక్కనే కదండీ?"

"కుడిపక్కనేనండి, జక్కయ్యగారూ. మీరు పెట్టిందే కరెక్టు."

ఆ మొత్తం ఆపరేషన్‌లో ఏజెంట్ ఇశ్రాయేలు విజయవంతంగా ఆడిన అబద్ధం ఇదొక్కటే.