నల్ల డ్రమ్ములో వేణ్ణీళ్లు

శనివారం పొద్దున్నే దీవెన పళ్లు తోముకుందామని ట్రైలర్ పక్కనున్న కుళాయి తిప్పింది. కుళాయి ఒకసారి గుటకేసి ఊరుకుంది. గబగబా పైకప్పెక్కి నల్ల డ్రమ్ము మీద తట్టింది. డప్పులా మోగింది. చల్లనీళ్లూ లేవు, వేణ్ణీళ్లూ లేవు.

ఏటా ఈస్టరుకి వాళ్ల చర్చి సంఘమంతా ఖాజాగూడ రాళ్ల మధ్య డేరాలు వేసుకుంటుంది. ఆదివారం చీకటుండగానే పెద్ద బండరాయి ఎక్కి, పొద్దు పొడుస్తుంటే పాటలెత్తుకుంటారు. పెళ్లైన కొత్తలో ఆ మొదటి పాట ఎత్తింది దీవెన వాళ్లమ్మ ఎలిజబెత్తే. తర్వాత నాయనమ్మ గంగమ్మకి మోకాళ్లు పట్టేశాయి. పొద్దున్నే మరిగే నీళ్లతో కాపడం పెట్టి స్నానం చేయిస్తే తప్ప మంచం దిగలేదు, ఆ చేయించేది కోడలు కాకపోతే ఒప్పుకోదు. అంతే, ఎలిజబెత్‌కి ప్రతి ఈస్టరూ కొత్తగూడ ఇంట్లో బాయిలర్ పక్కనే తెల్లారేది.

ఈ ఏడు అమ్మ పాడి తీరాలని దీవెన పంతం పట్టింది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతోంది మరి. నాన్న దేవరాజు జనరేటర్లు కిరాయికిస్తాడు. మూలనపడ్డ జనరేటర్ ట్రైలర్ మీద చిన్న ప్లైవుడ్ గది కట్టించింది, బెర్తు కింద మంచినీళ్ల డ్రమ్ము పెట్టించింది, పైన నల్లరంగు పూసిన ఇనప డ్రమ్ము బిగించింది. పగలంతా ఎండకి కాగుతాయి, పొద్దుగూకేలోపు గోనెసంచులూ పాత బొంతా చుడితే తెల్లారేదాకా వేడి పోదు. నిన్న సాయంత్రం చెయ్యి పెడితే చురుక్కుమంది కూడా. ఆ నీళ్లతోనే నాయనమ్మ కాళ్లకి కాపడం పెట్టి, మిగతావి పొద్దుటికని దాచింది. ఇప్పుడు చుక్క లేదు.

దేవరాజు ట్రైలర్ కింద తడిసిన నేలని చూసి తల పట్టుకున్నాడు. కుళాయి కారిపోయింది, మళ్లీ నింపినా నిలవవనుకున్నాడు. "ఇయ్యాలంటే పొయ్యి మీద ఎట్లనో కాగబెడతం. రేపు? పొద్దుగాల మీ అమ్మ మళ్ల పొయ్యి కాడనే ఉంటది. గా మాత్రం దానికి ఇంటికి పోవుడే నయం."

"ఈస్టరు వచ్చే ఏడు కూడా వస్తుంది లెండి," అంటూ ఎలిజబెత్ దుప్పట్లు మడత పెట్టడం మొదలుపెట్టింది. ఆ మడతలు చూస్తుంటే దీవెనకి ఒళ్లు మండిపోయింది.

"ప్రతి ఏడు గిదే మాట. పాడేదీ అమ్మే, నీళ్లు పోసేదీ అమ్మే. మనకి చేతులు లేవా నాన్నా? నాయనమ్మా, ఒక్కరోజు నేను పోస్తే నీ మోకాళ్లు ఒద్దంటయా?"

అమ్మ గట్టిగా కసిరింది, పెద్దావిణ్ణి అంత మాట అంటావా అని. రాయి మీద కూర్చున్న గంగమ్మ కొంగు చివర మెలితిప్పుతూ నెమ్మదిగా అంది.

"నీళ్ల నల్లాలు నేనే ఇప్పిన. రాత్రి నిల్వున్నయి పాచి నీళ్లు గద. ఇంట్ల లేవంగనే గోళెం పారవోసి, కడిగి, కొత్తవి పడ్తది కోడలు. ఇయ్యాలన్న దాన్ని జర పండుకోనీ, దాని పని నేను జేద్దామనుకున్న."

దీవెనకి ముందు కోపమే వచ్చింది, కష్టపడి దాచిన నీళ్లు రాళ్లపాలు చేసిందని. వెంటనే ఇంకోటి తట్టింది.

"ఆగు నాయనమ్మా. బెర్తు నువ్వే దిగినవా? ఎవ్వరూ పట్టుకోలే?"

గంగమ్మ తన మోకాళ్లని కొత్తవాటిని చూసినట్టు చూసుకుంది. ఆసుపత్రిలో నర్సుగా చేసే ఎలిజబెత్ దుప్పటి వదిలేసి వచ్చి ముందు కూర్చుని రెండు మోకాళ్లూ నొక్కి చూసింది. "నిన్న సాయంత్రం పెట్టిన కాపడం పట్టిందండి. పొద్దుటిదాకా ఆగక్కర్లేదు, సాయంత్రం స్నానమే ఈవిడకి మంచిది," అంది భర్తతో. ఆ గొంతులో అలాంటి హుషారు దీవెన ఎప్పుడూ వినలేదు.

పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచీ పొద్దున తప్ప పోసుకోలేదని గంగమ్మ కాసేపు గునిసింది. తర్వాత మనవరాలి మొహం చూసి, సరే, ఇయ్యాల పొద్దుగూకంగ పోసుకుంటనంది.

ఇంకేముంది. ట్రైలర్‌ని లాక్కొచ్చిన జీపులో బిందెలెక్కాయి. ఊరి బోరింగు దగ్గర దేవరాజు చెమటలు కక్కుతూ పంపు కొడుతుంటే డేరాల వాళ్లు నవ్వారు, తర్వాత వాళ్లే వచ్చి చెయ్యేశారు. దీవెన కుళాయి దగ్గర నిలబడి పెత్తనం మొదలుపెట్టింది: దారమంత ధారే తిప్పాలి, గిన్నెలు తొట్లోనే కడగాలి. ఎండ దంచికొట్టింది. సాయంత్రానికి నల్ల డ్రమ్ము ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఆ నీళ్లతో గంగమ్మకి స్నానం చేయించింది దీవెనే. ఆమె ఒద్దనలేదు.

ఆదివారం పెద్ద బండ మీద మొదటి పాట ఎలిజబెత్ ఎత్తింది. మొదటి మాట వణికింది, రెండోది నిలబడింది, మూడోదానికి జనమంతా ఆమె వెనకే ఉన్నారు. దూరంగా మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనం అద్దాల మీద ఎండ పడింది. దేవరాజు కళ్లు తుడుచుకుంటూ పొగమంచన్నాడు. మంచు ఎక్కడా లేదు.

ఎలిజబెత్ కిందికి దిగేసరికి వేణ్ణీళ్ల కుళాయి దగ్గర గంగమ్మ కావలి కూర్చుని ఉంది, భుజాన తువ్వాలేసుకుని. బకెట్లో నీళ్లు ఇంకా పొగలు కక్కుతున్నాయి.

"రాత్రి సగమే పోసుకున్న బిడ్డా. మిగిలినయి నీకే. కూసో, వీపు రుద్దుత."

ఎలిజబెత్ నవ్వబోయింది, కళ్లు నిండిపోయాయి. "ఇవి రాత్రి నిల్వున్నవి కదా అత్తయ్యా. పాచి నీళ్లు."

"నీ కోసం దాసినయి పాచెట్లయితయి," అంటూ గంగమ్మ చెంబు ముంచింది.