సముద్రం లేని ద్వీపం

శవం భవనం వెనుక, జనరేటర్ గదికీ ప్రహరీకీ మధ్య పడి ఉంది.

సాయంత్రం ఆరున్నర. కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ఆఫీసు క్యాబ్‌లు నత్తనడక నడుస్తున్నాయి. ఆ హారన్ల మోతలో ఐదంతస్తుల పైనుంచి ఒక మనిషి పడిన చప్పుడు ఎవరికీ వినబడలేదు.

మృతురాలి పేరు జాస్మిన్. ఆ భవనంలోనే బెన్నీ అనే ఆయన నడిపే చిన్న టూర్ సంస్థలో ఉద్యోగి. విదేశాలకు వెళ్లేవారికి ప్రైవేటు యాత్రలు రూపొందించడం ఆమె పని. తాను మాత్రం ఏ విమానమూ ఎక్కలేదు. నిజాంపేట హాస్టల్ నుంచి కొత్తగూడకు, కొత్తగూడ నుంచి నిజాంపేటకు. అంతే ఆమె చేసిన ప్రయాణం.

ఇన్‌స్పెక్టర్ స్వప్న టెర్రస్ ఎక్కి చూసింది. పిట్టగోడ నడుమెత్తు ఉంది. సీసీ కెమెరా లేదు. పెనుగులాట జాడ లేదు.

మర్నాడు పోస్ట్‌మార్టం రిపోర్ట్ వచ్చింది. జాస్మిన్ ఐదో నెల గర్భిణి.

"ఇగ ఏముంది మేడం," అన్నాడు ఎస్సై మహేందర్. "పెండ్లి కాలే. కడుపొచ్చింది. ఎవలకి చెప్పుకోవాల్నో తెల్వక దుంకింది. సూసైడ్ అని రాస్తే అయిపోతది."

"జర ఆగు మహేందర్. రాసుడు అల్కగనే ఉంటది. చెరుపుడే కష్టం."

అవివాహిత, గర్భం, మరణం. ఈ మూడు మాటలను పక్కపక్కన పేర్చితే చాలు, లోకానికి కథ అర్థమైపోతుంది. బిడ్డకు తండ్రంటూ ఒకడు ఉండి తీరాలన్న సంగతి మాత్రం ఎవరికీ తోచదు. మహేందర్‌కూ తోచలేదు. అతను చెడ్డవాడు కాడు. పదిమందిలాంటివాడు.

మధ్యాహ్నానికి చీరాల నుంచి జాస్మిన్ తల్లి దీనమ్మ వచ్చింది. రిటైరైన నర్సు. స్టేషన్ బెంచీ మీద నిటారుగా కూర్చుంది. ఏడవలేదు. ఊళ్లో సంఘ పెద్దలు అప్పుడే ఫోన్ చేశారని చెప్పింది. ప్రాణం తీసుకున్న మనిషికి చర్చిలో ఆరాధన జరపడం కుదరదన్నారట.

"మా అమ్మాయి దూకలేదండి. దూకిందని మీరు రాస్తే పాస్టరుగారు భూస్థాపనకు రారు. దిక్కులేనిదానిలా పూడ్చిపెట్టుకోవాలి నేను. ఆ ఒక్క మాటా రాయకండమ్మా."

స్వప్న మాట ఇవ్వలేదు. గర్భం సంగతి ఆవిడకు ఇంకా ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి స్వప్నకూ నోరు రాలేదు.

చనిపోయిన సాయంత్రం జాస్మిన్ దగ్గరికి వచ్చిన క్లయింటు ఒక్కడే. రవికిరణ్. ఒక ఐటీ కంపెనీలో డైరెక్టర్. పెళ్లిరోజుకు భార్యతో మారిషస్ వెళ్లాలని, వారం రోజుల ప్రైవేటు యాత్రకు కొన్ని నెలలుగా ప్లాన్ చేయించుకుంటున్నాడు. ఐదున్నరకే మాటలు ముగిశాయన్నాడు. తరువాత కింది బేస్‌మెంట్‌లో, తన కారులో కూర్చుని, ఏడు దాకా ఆఫీసు కాల్‌లో ఉన్నానన్నాడు. కంపెనీ వాళ్లు అవునన్నారు. కెమెరా ఆఫ్‌లో ఉంది గానీ, మనిషి కాల్‌లోనే ఉన్నాడు.

స్వప్న బెన్నీని పిలిపించింది.

"ఆ రోజు ఎందుకొచ్చాడు?"

"ప్లాన్‌లో మార్పులండి."

"ఏం మార్పులు?"

"సముద్రం తీసేయమన్నారండి."

"అంటే?"

"బోటు వద్దు, డాల్ఫిన్లు వద్దు, స్నార్కెలింగ్ వద్దు. బీచ్‌లో కాలు కూడా పెట్టరట. చెవిలో ఏదో ఇన్‌ఫెక్షనన్నారు. టీ తోటలూ, గుళ్లూ, జలపాతాలూ మిగిలాయండి. మారిషస్ వెళ్లి సముద్రంలో దిగకపోవడం ఏంటండి, పెళ్లికెళ్లి భోంచేయకుండా లేచొచ్చినట్టు."

"జాస్మిన్ ఏమంది?"

"మారు మాట్లాడలేదు మేడం. మార్చేసింది."

మర్నాటి ఉదయం స్వప్న గోపన్‌పల్లిలోని రవికిరణ్ అపార్ట్‌మెంటుకు వెళ్లింది. అతని భార్య రసజ్ఞ తలుపు తీసింది. ఆయన కింద స్విమ్మింగ్ పూల్‌లో ఉన్నారని, రోజూ పొద్దున్నే ఈత కొడతారని చెప్పింది. ఇద్దరిదీ కాకినాడేనట. సముద్రమంటే ఆయనకు ప్రాణమట. మారిషస్ అన్నది కూడా మొదట ఆయనేనట.

"మరి ఇప్పుడెందుకు వద్దన్నారు?"

"చెవి బాగోలేదన్నారండి. నేను ఎక్కువ అడగలేదు."

పిల్లల గురించి అడిగింది స్వప్న. లేరంది రసజ్ఞ. ఇప్పుడేమైనా విశేషమా అంటే తల అడ్డంగా ఊపి కిటికీ వైపు చూసింది.

అంతలో రవికిరణ్ తువాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. గడ్డం గుబురుగా ఉంది. తడిజుట్టు మెడ దాటి కాలరును తాకుతోంది. తిరుపతి మొక్కు అని నవ్వాడు. మర్యాదస్తుడు. కాఫీ తాగితే గానీ వెళ్లనివ్వలేదు.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో స్వప్నకు భర్త గుర్తుకొచ్చాడు. తాను కడుపుతో ఉన్న రోజుల్లో ఆయన సొంత మేనమామ పోతే పాడె పట్టలేదు. తల వెంట్రుక తీయించుకోలేదు. స్నేహితులు రామేశ్వరం వెళ్తే, సముద్రస్నానం కూడదని ఆయన ఆగిపోయాడు.

జీపును కొత్తగూడకు తిప్పమంది. ఆ భవనం బేస్‌మెంట్‌లో కాసేపు నిలబడింది. తరువాత ల్యాబ్‌కు ఫోన్ చేసింది.

ఆ మధ్యాహ్నం అందరినీ స్టేషన్‌కు పిలిపించింది. బెన్నీ, రవికిరణ్, రసజ్ఞ కుర్చీల్లో కూర్చున్నారు. దీనమ్మ గోడవార బెంచీ మీద ఉంది. మహేందర్ తలుపు దగ్గర నిలబడ్డాడు. దీనమ్మను ఒక్క నిమిషం పక్కకు తీసుకెళ్లి చెప్పవలసిన మాట చెప్పి తీసుకొచ్చింది స్వప్న. ఆవిడ పెదవులు బిగించి కూర్చుంది.

"రవికిరణ్‌గారూ, చెవికి ఏ డాక్టరు చూశారు?"

"గుర్తులేదండి."

"పూల్‌లో మునిగే చెవికి సముద్రం ఏం చేస్తుంది?"

రవికిరణ్ చేతి గడియారం సర్దుకున్నాడు.

"తిరుపతి మొక్కు దేనికి?"

"ప్రమోషన్‌కండి."

"నాతో అనలేదే," అంది రసజ్ఞ నెమ్మదిగా.

స్వప్న కుర్చీ వెనక్కి జరిపింది.

"సముద్రస్నానం లేదు. పడవ లేదు. క్షౌరం లేదు. భార్య కడుపుతో ఉన్న మగవాడు పాటించే నియమాలివి. మీ వైపూ పాటిస్తారు, మా వైపూ పాటిస్తారు. మీ భార్య కడుపుతో లేదు."

సముద్రం వద్దన్న సంగతి బెన్నీకీ తెలుసు, రసజ్ఞకూ తెలుసు. చెవి నొప్పో, ధనవంతుడి చాదస్తమో అనుకున్నారు. నియమం పాటించే మగవాడిని చూసి, ఆ నియమం ఎవరి కోసమని ఎవరూ అడగరు. సముద్రం పుట్టబోయే బిడ్డకు కీడు చేస్తుందని అతను భయపడ్డాడు. జాస్మిన్ కడుపులోని బిడ్డ తనదేనని అంత గట్టిగా నమ్మినవాడు, ఆ మాటను నలుగురిలో మాత్రం ఒప్పుకోలేదు.

"ఇవన్నీ ఊహలండి," అన్నాడు రవికిరణ్. "నేను బేస్‌మెంట్‌లో కాల్‌లో ఉన్నాను."

"ఆ బేస్‌మెంట్‌లో నా ఫోన్‌కు సిగ్నల్ లేదు. మహేందర్ ఫోన్‌కూ లేదు. మీ కాల్ మాత్రం ఒక్కసారీ తెగలేదు. ఎక్కణ్ణుంచి మాట్లాడారు?"

రసజ్ఞ లేచి, తన కుర్చీని రవికిరణ్ పక్కనుంచి తీసి, దీనమ్మ బెంచీ పక్కన వేసుకుని కూర్చుంది.

"పైకి రమ్మంది," అన్నాడు చివరికి. "ఇంక దాచలేనంది. రసజ్ఞకు తనే చెప్తానంది. చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది. జారిపోయింది. నేను తొయ్యలేదు."

"నడుమెత్తు గోడ మీంచి ఎవరూ జారరు."

"తొయ్యలేదు," అన్నాడు మళ్లీ. ఈసారి గొంతు స్థిరంగా ఉంది. అప్పటికే వకీలు మాట అతని నోట్లోకి వచ్చేసింది.

మహేందర్ అతణ్ణి తీసుకెళ్లాడు. అరెస్టు జరిగింది. కానీ టెర్రస్ మీద మూడో మనిషి లేడు. ఈ రోజు 'జారింది' అన్నవాడు కోర్టులో 'దూకింది' అంటాడు. పెళ్లికాని గర్భిణి గురించి ఆ మాట అంటే నమ్మేవాళ్లకు ఈ ఊళ్లో కొదవ లేదు. స్వప్నకు అది తెలుసు.

అందరూ వెళ్లాక దీనమ్మ లేచి వచ్చింది.

"ఆ మాట రాయరుగా అమ్మా?"

"రాయను. హత్య అనే రాస్తాను."

"అమ్మాయిని ఎప్పుడిస్తారు?"

"ఈ సాయంత్రమే తీసుకెళ్లొచ్చు."

"బిడ్డనో?"

స్వప్న చేతిలోని ఫైలు మూసింది. తండ్రెవరో కోర్టు నమ్మడానికి ఆ బిడ్డ ఒక్కటే సాక్ష్యమని, ల్యాబ్‌లో భద్రపరచమని తానే చెప్పానని, కేసు తేలేదాకా ఇవ్వరని చెప్పింది. ఎన్నేళ్లు పడుతుందని దీనమ్మ అడగలేదు.

"ఆడా, మగా?"

"ఆడపిల్ల."

దీనమ్మ రెండు అరచేతులూ దగ్గరికి చేర్చి చూసుకుంది. ఐదో నెల బిడ్డ ఎంత ఉంటుందో నర్సుకు ఒకరు చెప్పనక్కర్లేదు. కాసేపు అలాగే పట్టుకుని, తరువాత చేతులు విడదీసి కొంగు సర్దుకుంది.

"అయితే మా అమ్మాయిని ఒక్కదాన్నే తీసుకెళ్తానండి," అంది.