చిల్లు కాసు

అంకమ్మ మెడలోని కాసును ఆమె సొంత తమ్ముడు అమ్ముకున్నాడు. ఆమె బతికి ఉండగానే అమ్ముకున్నాడు. ఇందులో అనుమానం లేదు, వాదన లేదు.

ఒంగోలు ఆసుపత్రిలో స్కానింగ్‌కు ముందు మెడలో బంగారం ఉండకూడదన్నారు. ఆమె పసుపుతాడు తీసి తమ్ముడు చెన్నకేశవులు చేతిలో పెట్టింది. తాడుకు రెండు పుస్తెలు, వాటి నడుమ ఒక పాత బంగారు కాసు. మొగుడు గురవయ్య అప్పుడు మందుల కోసం వరుసలో నిలబడి ఉన్నాడు. పుస్తెలు తిరిగి వచ్చాయి. కాసు రాలేదు. "ఇంట్లో భద్రంగా ఉండాది అక్కా" అన్నాడు చెన్నకేశవులు.

ప్రాణం పోయేదాకా ఆమె మెడ తడుముకుంటూనే ఉంది. "నా రాజు యాడ?" అని అడిగింది. తెచ్చి నీ దగ్గరే పెడతానని గురవయ్య మాటిచ్చాడు. కాసు లేకుండానే ఆమెను మట్టిలో పెట్టారు.

ఆ కాసు మీద సూటి ముక్కున్న ఒక రాజు తల ఉండేది. చుట్టూ ఎవరికీ చదవరాని అక్షరాలు. రాజు నెత్తిన ఒక చిల్లు. ఏ కాలంలోనో ఏ ఆడమనిషో మెడలో వేసుకోవడానికి పొడిపించుకున్న చిల్లు అది. "అంత పెద్ద రాజు కూడా నా మెడకు ఉరేసుకున్యాడు సూడు" అని అంకమ్మ నవ్వేది.

కాసు కొన్నవాడు గుంటూరు సీతాపతి. రోము దేశపు నాణేలంటే ఆయనకు పిచ్చి. వర్షాకాలం మొదట్లో ఆయన చెన్నకేశవులును వెంటబెట్టుకుని గురవయ్య వాకిట్లో జీపు దిగాడు.

"మిరియాల కోసం, మన బట్టల కోసం రోము వర్తకులు ఓడల నిండా బంగారం తెచ్చారు గురవయ్యా. ఒక కాసు దొరికిన చోట ఒక్కటే ఉండదు. నీ భార్యకు ఎక్కడ దొరికిందో నీకు తెలుసట. చోటు చూపించు. నీ కాసు నీకు ఇచ్చేస్తాను."

గురవయ్య ఆయన వైపు చూడలేదు. బావమరిది వైపు చూశాడు.

"వీడు గూడా వస్తాడా?"

"తవ్వడానికి మనిషి కావాలి కదా!"

"రానీ. వాడి ముఖం వెలుతుర్లో చూసి శానా దినాలైంది."

తెల్లవారేసరికి ముగ్గురూ నల్లమల అంచు దాటారు. వెదురు పొదల్లోంచి దారి నిట్టనిలువుగా ఎక్కింది. మద్దిచెట్ల మీద కొండముచ్చులు అరిచాయి. గొడ్డలి భుజాన వేసుకుని గురవయ్య ముందు నడిచాడు. వెనక తాడు చుట్టలు, పార మోస్తూ చెన్నకేశవులు. నడుమ సీతాపతి, అడుగడుక్కీ ఆగి నీళ్లు తాగుతూ.

గద్దబండ కింద గుహ నోరు కనబడింది. చిన్నతనంలో అంకమ్మ మేకలు తోలుకుని వచ్చిన చోటు అదే. పెళ్లయిన కొత్తలో ఒకసారి మొగుడికి చూపించింది. వాన కురిసిన మరునాడు ఆ నోట్లోంచి నీళ్లు బుసలు కొడుతూ వస్తాయని, ఆ నీళ్లు తోసుకొచ్చిన ఇసుకలోనే కాసు దొరికిందని చెప్పింది. కాసు దొరికిననాటికి తమ్ముడు ఆమె చంకలోని పసివాడు.

గుహ ముందు మట్టిలో పెద్ద పాదాల గుర్తులు ఉన్నాయి. ముక్కు పగిలే వాసన.

"ఎలుగు! పక్కకు జరగండి! దారి ఇడిసిపెట్టండి దానికి!" గురవయ్య ఎండుగడ్డికి నిప్పు పెట్టి పొగను లోపలికి తోశాడు. కాసేపటికి గుహ గర్జించింది. నల్లటి ముద్ద ఒకటి బాణంలా బయటికి దూసుకొచ్చి, దారికి అడ్డంగా నిలబడిన చెన్నకేశవులును ఎత్తి పడేసి, పొదలు విరుచుకుంటూ లోయలోకి దిగిపోయింది.

"బావా! సచ్చినా! బావో!"

"యాడ సచ్చినావు? లెయ్. అది గూడా నిన్ను నోట పెట్టుకోలేదు."

లోపల కొంత దూరం వంగి నడిచారు. తరువాత పొట్ట మీద పాకారు. గబ్బిలాలు ముఖాలకు కొట్టుకున్నాయి. గోడలు చెమ్మగా, జిగటగా ఉన్నాయి. ఉన్నట్టుండి నేల ఆగిపోయింది. ముందు నిలువు బిలం. సీతాపతి లైటు వేశాడు. అడుగున ఇసుక, ఇసుకలో సగం పూడిన ఒక మట్టి కుండ మెడ.

ఆయన అంచు మీదికి వంగాడు. "తాడు వెయ్! తొందరగా!"

బండకు తాడు బిగించి ముగ్గురూ దిగారు. చెన్నకేశవులు గోళ్లతో ఇసుక తోడాడు. కుండ పెంకు ఊడింది. లోపలి నుంచి పసుపుపచ్చని వెలుగు లైటు కాంతికి ఎదురు వచ్చింది. సూటి ముక్కు రాజులు, గడ్డాల రాజులు, ఆకుల కిరీటాల రాజులు గుట్టగా పడి ఉన్నారు. చెన్నకేశవులు కుండలో చేతులు పెట్టి ఏడ్చాడు. అక్క చచ్చిన రోజున వాడికి ఆ ఏడుపు రాలేదు.

ఎక్కడో పైన ఉరిమింది. రాయి ఆ శబ్దాన్ని మోసుకొచ్చింది.

"వాన పడతాంది. ఈ గుహ నీళ్ల దారి. మూట గట్టుకోని పైకి నడండి" అన్నాడు గురవయ్య.

సీతాపతి వినలేదు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క కాసూ లైటు ముందు తిప్పి చూస్తున్నాడు. కొన్నిటిని భుజాన వేలాడే సంచిలో వేసుకుంటున్నాడు. కొన్నిటిని విసుగ్గా ఇసుకలోకి విసిరేస్తున్నాడు.

"అయ్యెందుకు పారేస్తుండావు?"

"చిల్లు పడినవి. ఆ కాలపు ఆడవాళ్లు మెడల్లో వేసుకుని పాడు చేశారు. చిల్లుంటే ఎవడూ విలువ కట్టడు."

గురవయ్య నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. "నా కాసుకు గూడా చిల్లుంది గదా. దాన్నెందుకు కొన్నావు?"

"అదా?" సీతాపతి తల ఎత్తకుండానే జేబులోంచి చిన్న డబ్బీ తీసి ఇచ్చాడు. "తీసుకో. మాట తప్పేవాణ్ని కాదు."

గురవయ్య కాసును తీసి బొటనవేలితో తడిమాడు. ఇన్నేళ్లూ తన పక్కన పడుకున్న మెడ మీద ఉన్న కాసు. వేలు చిల్లును వెతికింది. చిల్లు లేదు. అంచున అరుగుదల లేదు. నిన్న పోత పోసినట్టు మెరుస్తోంది.

"ఇది నాది గాదు. మోసం!"

సీతాపతి నవ్వాడు. "నీదేనయ్యా! మంచి కంసాలి చేత పూడ్పించాను. మకిలి అంతా కడిగించి, అరిగిన అంచు కూడా సరిచేయించాను. చిల్లు ఎక్కడుండేదో నువ్వే పట్టుకోలేకపోయావు, చూశావా!"

అంకమ్మ చెమట, ఆమె రాసుకున్న పసుపు, ఆమె మెడకు రాసుకుని రాసుకుని అరిగిన అంచు. ఆయన పోగొట్టించింది అదంతా. గురవయ్య ఆయన చొక్కా పట్టి గోడకు అదిమాడు. "ఎవుర్నడిగి కడిగించినావు? ఎవుర్నడిగి పూడ్పించినావురా?"

"వదులు! పిచ్చెక్కిందా నీకు?"

"బావా, నీళ్లు!" చెన్నకేశవులు కేక పెట్టాడు.

గోడ పగుల్లోంచి ఎర్రటి నీళ్లు ధారకట్టాయి. చూస్తుండగానే ధార వాగైంది. విసిరేసిన కాసులు ముందు మునిగాయి, తరువాత కుండ మునిగింది. గురవయ్య కాసును బుగ్గన పెట్టుకుని తాడు అందుకున్నాడు. పైకి చేరి, బండకు కాళ్లు తన్ని పెట్టి అరిచాడు.

"సారూ, ఎక్కు! నేను లాగుతా!"

సీతాపతి తాడు పట్టుకున్నాడు. సంచి బరువుకు అంచుకు మూరెడు కిందే ఆగిపోయి గిరగిరా తిరిగాడు. కింద చెన్నకేశవులు రొమ్ముదాకా నీళ్లలో నిలబడి గోడను గీరుతున్నాడు. బండ అంచున తాడు పోగులు ఒక్కొక్కటే తెగుతున్నాయి.

"సంచి ఇడువు!"

"వదలను! లాగు!"

"కిందోడు సస్తాడు. ఇడువు!"

"నా ప్రాణం పోయినా వదలను!"

గురవయ్య బోర్లా పడుకుని, గొడ్డలి ఉన్న చేయి కిందికి చాచి, సంచి పట్టీని ఒక్క వేటుకు తెంచాడు. సంచి నీళ్లలో పడింది. సీతాపతి పెట్టిన కేకకు గబ్బిలాలన్నీ లేచాయి. తేలికైన మనిషిని జుట్టు పట్టి పైకి ఈడ్చి పక్కకు తోశాడు.

తాడు మళ్లీ వదిలాడు. చెన్నకేశవులు నడుముకు చుట్టుకున్నాడు. నీళ్లు వాడి గడ్డాన్ని తాకాయి.

"బావా! అక్కమీద ఒట్టు! తప్పైపాయ! లాగు బావా!"

గురవయ్య చేతులు కదలలేదు. తాడు వదిలితే చాలు. అడిగేవాడు లేడు. సీతాపతి ఆ ముఖం చూసి వెనక్కి జరిగాడు. కింద కేకలు గుటకలయ్యాయి. ఆ గొంతును అంకమ్మ చంకన వేసుకుని జోకొట్టింది. ఎంత తిట్టుకున్నా ఆ సంగతి మనసులోంచి పోలేదు. గురవయ్య పళ్లు కొరికి లాగాడు. చేతుల తోలు ఊడేదాకా లాగాడు.

వాడిని క్షమించాడని ఎవరూ అనుకోనక్కర్లేదు.

వెనక నీళ్లు తరుముతుండగా ముగ్గురూ పాకి, దొర్లి, గుహ నోట్లోంచి బయట పడ్డారు. వాళ్లు పక్క బండ ఎక్కేలోపే ప్రవాహం గుహను చీల్చుకుని వచ్చింది. లోపల ఏదో కూలిన చప్పుడుకు కొండ అదిరింది. నోట్లోంచి రాళ్లు దొర్లి పడి దారి మూసుకుపోయింది. కుండ, సంచి, రాజులు అందరూ లోపలే.

సీతాపతి బురదలో కూలబడి తల కొట్టుకున్నాడు. గురవయ్య పట్టించుకోలేదు. బుగ్గన ఉన్న కాసు తీసి బండ మీద పెట్టాడు. వాన వెలిసి ఎండ తగిలేసరికి రాజు నెత్తిన గింజంత చోట రంగు కొంచెం తేడాగా కనబడింది. చెప్పులు కుట్టుకునే ఆరెను మొలలోంచి తీసి ఆ చోట ఆనించాడు. గొడ్డలిని మొద్దువైపు తిప్పి ఎత్తాడు.

"ఆగు! రెండు వేల ఏళ్ల నాణెం అది! లోపలివి పోయాక చిల్లు లేని ఆ రాజు కాసు ఈ దేశంలో ఇంకెక్కడా లేదు! ఏం కావాలన్నా ఇస్తాను! ఆగవయ్యా!"

గురవయ్య కొట్టాడు. కంసాలి పెట్టిన అతుకు ఊడి గడ్డిలో పడింది. కాసును ఎత్తి చిల్లులోంచి చూశాడు. ఆకాశం కనబడింది.

ఆ సాయంత్రం పొద్దు ఉండగానే కాసుకు పసుపుతాడు ఎక్కించి, సమాధి తలవైపు మోచేతి లోతు తవ్వి పెట్టాడు. చెన్నకేశవులు కంచె బయట నిలబడ్డాడు.

"బావా, నేను గూడా ఒక పిడికెడు మన్నేస్తా."

"అడుగు లోపల బెట్టబాకు."

"నన్ను పైకి లాగింది నువ్వే గదా బావా! మరి ఇంకా..."

గురవయ్య మట్టి కప్పి, కాలితో అదిమి, పార భుజాన వేసుకున్నాడు.

"లాగినా. అయిపాయ. గుహ మాట, కాసు మాట, నీ మాట ఎవురడిగినా జెప్పను. నా ముందర ఎవురూ ఎత్తబాకండి. ఇదే ఆఖరు."

అంతే. మళ్లీ ఎత్తలేదు.