సీలు తెగని మీటర్లు

నాన్న పోయిన రోజునే సీలు వేసే హక్కు కూడా పోయింది.

కరెంటు, వోల్టేజీ కొలిచే చేతి మీటర్లకు ఆయన షాపు కంపెనీవారి సర్వీసు సెంటరు. వారంటీలో ఉన్న మీటరు వెనక మూత విప్పాలంటే స్క్రూ మీద అంటించిన సీలు కొయ్యాలి. పని అయ్యాక కొత్త సీలు వెయ్యాలి. ఆ అనుమతి కంపెనీ మనిషికి ఇస్తుంది, షాపుకు కాదు. అనుమతి లేనివాళ్లు కోస్తే కొన్నవాడి వారంటీ గాలికి పోయినట్టే.

అయినా కూతురు షాపు మూయలేదు. తండ్రి పక్కన కూర్చుని పని నేర్చిన పిల్ల. అందరూ ఆమెను చిన్న మేస్త్రి అనేవారు. అనుమతి తన పేరుకు మార్చమని కంపెనీని అడిగితే, తనిఖీకి మనిషిని పంపుతామన్నారు. అతను కాదంటే షాపుకు తాళమే.

అతను వానలో వచ్చాడు. ఆమె కూడా అప్పుడే తడిసి వచ్చి బల్ల ముందు కూర్చుంది. బాగుచేసి పెట్టిన మీటర్లను ఒక్కొక్కటే తిప్పి చూశాడు. అన్నీ పనిచేస్తున్నాయి. ఒక్క సీలూ తెగలేదు. అదే అతనికి మింగుడు పడలేదు.

"హెయిర్ డ్రయ్యరుతో వేడి చేసి, సీలు ఊడదీసి, మళ్లీ అంటించారా?"

ఆమె జడ కొస పిండుకుంది. "డ్రయ్యరే ఉంటే ఇలా కూర్చుంటానా అండీ?"

తనిఖీకి వచ్చినవాడు నవ్వకూడదని అతను కాగితాల్లోకి తల వంచాడు.

కరెంటు కొలవడం లేదని ఎవరో ఇచ్చిపోయిన మీటరు ఒకటి ఆమె ముందుకు లాక్కుంది. బ్యాటరీ మూత స్క్రూ ఒక్కటే విప్పింది. దానికి సీలు ఉండదు, వాడేవాళ్లే విప్పుకోవచ్చు. ఈ రకంలో ఫ్యూజు కూడా అక్కడే ఉంటుంది. మాడినది తీసి, సరిగ్గా అదే రేటింగుది వేసింది. స్ప్రింగుకు పట్టిన చిలుము తుడిచింది. వచ్చేవాటిలో చాలావరకు ఇలాంటివేనని, సీలు కోయక తప్పని మిగతావి అరలో పెట్టానని, యజమానులు తిట్టినా వాటిని ముట్టుకోలేదని చెప్పింది.

"విప్పడం వచ్చుగా?" అన్నాడతను.

"వచ్చు. కానీ వారంటీ వాళ్లది. నా చేతి దురదకి వాళ్ల సొమ్ము పోగొడతానా?"

అతను మీటరు తీసుకుని చిన్న బల్బుతో కరెంటు కొలిచాడు. బాగానే చూపించింది. ఇక వోల్టేజీ చూద్దామని గోడ ప్లగ్గు వైపు తిరిగాడు. వైర్లు ప్లగ్గులో పెట్టబోతుంటే ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

"సారూ, ఎర్ర వైరు ఇంకా కరెంటు రంధ్రంలోనే ఉంది. నా ఫ్యూజు పోతే సరే, మీ చెయ్యి కాలితే?"

అతను వైరు మార్చాడు. ఇన్నేళ్లలో ఈ పొరపాటు ఎప్పుడూ చేయలేదని గొణిగాడు.

"మరి ఇప్పుడు ఎటు చూస్తున్నారు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె అతని మణికట్టు ఇంకా వదల్లేదని ఇద్దరికీ ఆలస్యంగా తెలిసింది.

కొద్ది రోజులకు అనుమతి ఆమె పేరున వచ్చింది. పోస్టులో పంపవలసిన సీళ్ల చుట్టను అతనే స్వయంగా తెచ్చాడు. ఆమె అరలోంచి మొదటి మీటరు దించి, సీలు కోసి, అతుకు ఊడిన చోట టంకం వేసి, మూత బిగించి, కొత్త సీలు అంటించింది. నిన్నటిదాకా తిట్టిన యజమాని ఆ మీటరు అందుకుని, "మేస్త్రి గారూ, వస్తానండీ" అన్నాడు. చిన్న అన్న మాట అతని నోట రాలేదు.

లోపలి గదిలోంచి వచ్చిన తల్లి అది విని, యజమాని చేతిలోని మీటరు మీద సీలు వంగి చూసింది. "మీ నాన్నలాగే తిన్నగా వేశావే," అంది.

యజమాని వెళ్లగానే తనిఖీ మనిషి గొంతు సవరించుకున్నాడు. "ఈ ఏడాదికి ఇక తనిఖీ లేదు. ఊరికే రావచ్చా?"

"ఊరికే రావడానికి ఇదేం పార్కా? అమ్మనడగండి."

అతను తల్లి వైపు తిరిగి, "అత్తయ్యగారూ" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"పిలవనీవే, బాగానే ఉంది," అంది తల్లి. కూతురు వద్దనలేదు. సీళ్ల చుట్ట సొరుగులో పెట్టి, అతనికి కుర్చీ జరిపింది.

సొంతవాళ్ల షాపును తనిఖీ చేయకూడదని కంపెనీలో రూలుంది. ఈ షాపు తనిఖీని ఇంకొకరికి అప్పగించమని అతను ఇంకా అడగలేదు. ముందు ఆమెను అడగాలిగా.