వరసగా ఉన్న మచ్చలు

చిట్లకుండా కప్పిన తేమపరదా తొలగించి, ఇందుమతి రెండువందల ఏళ్లనాటి కాగితాన్ని అరచేతులతో ఎత్తి కాంతిపలక మీద పరిచింది.

"శుద్ధి ఎంతవరకు?" గోడలోని యంత్రం, పటసాక్షి, అడిగింది.

"బూజు మచ్చలు మిగిలాయి. మధ్యాహ్నానికి తుడిచేస్తాను."

ఈ పనిలో పంతొమ్మిదేళ్లు గడిచినా పాత పటం విప్పడమంటే ఆమెకు ఇప్పటికీ సంబరమే. చుక్క నీరు లేని చోట పడవ బొమ్మ కనిపిస్తే ఒకప్పుడు అక్కడ రేవు ఉండేదన్నమాట. బాట అకారణంగా వంకర తిరిగితే ఎవరి తోటో అడ్డొచ్చిందన్నమాట. తోటా పోయింది, తోట ఆసామీ పోయాడు, వంకర మాత్రం మిగిలింది. ఇలాంటివి పసిగట్టడంలో ఇందుమతి తర్వాతే ఎవరైనా అని కార్యాలయంలో పేరు. ఆ పేరంటే ఆమెకు మోజు కూడా.

సముద్రం మూడో ప్రమాద గీత దాటి ఊళ్లలోకి వచ్చాక ఈ పటాలకు కొత్త అవసరం వచ్చింది. పాత పటంలో ఊరు ఉంటే ఆ ఊరివాళ్లకు కొండ మీద ఎగువ నివాసం. లేకపోతే మధ్యలో వచ్చి చేరినవాళ్ల కింద జమకట్టి నీళ్ల మీది తేలుడు శిబిరానికి పంపేస్తారు. శుద్ధి చేసిన పటాలన్నిటినీ కుట్టి ఏకపటంగా చేశారు. దాన్ని చదివేదీ, తీర్పు చెప్పేదీ పటసాక్షే.

పదకొండింటికి మైలపల్లి కొర్లమ్మ వచ్చింది. ఉప్పుగెడ్డ దిబ్బ మీద ఉండే జాలరి మనిషి. ఆమె అర్జీ అప్పటికే రెండుసార్లు తిరిగొచ్చింది.

"మా తాతల కాడినుంచీ ఆ దిబ్బ మీదే ఉన్నామమ్మా. ఊరే నేదంటంది మీ గోడ. నేని ఊర్లో నానెలగ పుట్టినాను సెప్పు?"

"ఉప్పుగెడ్డ దిబ్బ," అంది పటసాక్షి. "ఏకపటంలో నివాసం లేదు. శుద్ధి చేసినది ఇందుమతి."

తన పేరు వినగానే ఇందుమతి లేచింది. లోపలికెళ్లి ఆ దిబ్బ పటం అసలు కాగితం తెచ్చి, దీపాన్ని బల్ల అంచుదాకా వంచింది. ఏటవాలు వెలుగులో, తెల్లటి కాగితం మీద, కలం మొన దిగిన గుంటలు కనిపించాయి. లెక్కపెడితే పదకొండు. వరసగా ఉన్నాయి.

ఇనుప సిరా పాతబడితే బూజులాగే గోధుమరంగుకు తిరుగుతుంది. కానీ బూజు వరస కట్టదు, వరస కట్టేవి ఇళ్లే. ఆ పటం శుద్ధి చేసిన రోజే ఆమెకు ఆ సంగతి తట్టింది. తట్టకపోయి ఉంటే ఇవాళ ఇంత సిగ్గు ఉండేది కాదు. రోజూ సాయంత్రం నాలుగింటికి, అన్నిటికంటే తెల్లగా వచ్చిన పటాన్ని గోడకు తగిలించి అందరూ చప్పట్లు కొట్టడం అక్కడి ఆనవాయితీ. అప్పటికి నాలుగు కావడానికి పది నిమిషాలుంది. ఆమె కుంచెను మరకలు పోగొట్టే తెల్లద్రవంలో ముంచింది. ఆ పటం వారం రోజులు గోడ మీదే ఉంది.

"కాగితం పాతబడితే సిరా దానంతటదే పోతుంది పెద్దమ్మా," అంది ఇందుమతి, తల ఎత్తకుండా.

"కాగితం తప్పేటుందిలే తల్లీ. ఇంత ఓపిగ్గా సూసినోలు నేరు. నువ్వు సల్లగుండాల."

ఆ దీవెన వినేసరికి ఇందుమతికి తల కొట్టేసినట్టయింది. ఊళ్లు తుడిచేసిన చేతులతో ఇన్నాళ్లూ చరిత్ర చదువుతున్నానని మురిసిపోయింది. ఇప్పుడు మొహం మీదే అబద్ధమాడి దీవెన కూడా పుచ్చుకుంది. తన మీద తనకే రోత పుట్టింది.

"సిరా పోలేదు," అంది. "నేనే తుడిచేశాను. ఇళ్లేమోనని అనుమానం వచ్చి కూడా తుడిచాను."

కొర్లమ్మ కాగితం మీదికి వంగి, ఒక్కో గుంటనూ వేలితో తడిమింది. తిట్టినా బాగుండునని ఇందుమతికి అనిపించింది.

"సవరణ నమోదైంది," అంది పటసాక్షి. "ఉప్పుగెడ్డ దిబ్బ, పదకొండు ఇళ్లు. ఎగువ నివాసం మంజూరు. శుద్ధికర్త ఇలా పొరపాటున తుడిచిన నివాసాల సంఖ్య?"

ఒకటి అంటే సరిపోతుంది. ఉద్యోగంలో ఒక మెట్టు కిందికి దింపుతారు, అంతటితో సరి. ఇందుమతి నోరు తెరిచింది.

"మాలాటోల్లు ఇంకెంతమందున్నారమ్మా?" కొర్లమ్మ అడిగింది.

ఇందుమతి ఆమె వైపు చూసింది. చూశాక ఆ అంకె నోట్లోంచి రాలేదు.

"తెలియదు," అంది.

"సంఖ్య చెప్పండి."

"తెలియదు. పొరపాటని కూడా రాయకు. నేను తుడిచిన నాలుగు వేల పటాలూ మళ్లీ విప్పాలి."

అంకె ఉండాల్సిన చోట అంకె లేని జవాబు పటసాక్షికి ఎన్నడూ ఎదురుకాలేదు. గోడమీద వెలుగుతున్న ఏకపటంలో ఇందుమతి శుద్ధి చేసిన మేరంతా నల్లబడింది, దానికి ఆనుకున్నదీ నల్లబడింది. తీరం పొడవునా అర్జీల తిరస్కరణలన్నీ నిలిపివేసినట్టు ప్రకటన వెలువడింది. బల్లల దగ్గర మిగతా శుద్ధికర్తల కుంచెలు ఆగిపోయాయి.

అందరూ తనను తిట్టిపోస్తారని ఇందుమతి తల దించుకుని నిలబడింది. ఎవరూ ఆమె వంక చూడలేదు. ఎవరి ముందున్న పటం వైపు వాళ్లే చూసుకుంటున్నారు.

మూడో బల్ల దగ్గర సన్యాసిరావు, ఆ గదిలో అందరికంటే పాతకాపు, కళ్లద్దాలు తీసి కింద పెట్టాడు.

"నాకూ తెలియదు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.