పోలమ్మ పుర్రచెయ్యి

"కదలకు పోలమ్మా, ఇంకొక్క గాలం కట్టు," అంది డాక్టర్ కౌముది.

పోలమ్మ నెత్తిమీద తీగల టోపీ, ఒళ్లో ఎండిన కిత్తనార, ముందు తుమ్మముళ్ల కుప్ప. సముద్రంలోకి నైలాన్ గానీ ఇనుము గానీ దించకూడదని ఆ ఏడే చట్టం వచ్చింది. నారను తొడమీద పురిపెట్టి తాడు పేనడం, ముల్లును సెగకు కాచి గాలం కట్టడం తెలిసిన మనిషి ఆ తీరంలో పోలమ్మ ఒక్కతే మిగిలింది మరి!

యంత్రం సంగతి సులువే. చెయ్యి నేర్చిన పని మెదడులో ఒక దారి వేసుకుంటుంది. టోపీ ఆ దారిని స్కాన్ చేసి, తర్వాత పెట్టుకున్నవాళ్ల మెదడులో పరుస్తుంది. అరగంటలో అరవయ్యేళ్ల పనితనం వచ్చేస్తుంది.

పోలమ్మ భయం మాత్రం వేరు. ఆమెది పుర్రచేతివాటం. అన్నం కుడిచేత్తోనే తినాలని చిన్నప్పుడు అమ్మ వాత పెట్టి మరీ నేర్పింది. ఎవరు పుర్రచేత్తో ఇచ్చినా ఊరిపెద్ద, ఆమె బావ ఎల్లాజీ, చేపనైనా ముట్టేవాడు కాదు. అందుకే ఇన్నాళ్లూ తలుపేసుకుని గాలాలు కట్టింది.

"డాకటరమ్మా, నా సెయ్యి సంగతి ఊళ్లో సెప్పకు. పరువు పోద్ది."

"టోపీలోకి వెళ్లేది పనే. ఏ చేత్తో చేశావో దానికేం తెలుసు?" అని నవ్వేసింది కౌముది. ఎంత చదివితేనేం, పప్పులో కాలేసింది!

పోలమ్మ భయంతో వారంపాటు గడప దాటలేదు. ఈలోగా ఎల్లాజీ మొదలు ఊరంతా టోపీ పెట్టుకుంది. గాలాలు వందల్లో తయారయ్యాయి, పడవలు చేపలతో నిండాయి. ఆ సంబరంలో ఇసుకలో విందు పెట్టి పోలమ్మని పిలిచారు.

ఆమె బిక్కుబిక్కుమంటూ కూచుని, కుడిచేత్తో ముద్ద కలిపింది. బంతిలో గుసగుసలు మొదలయ్యాయి. తలెత్తి చూస్తే ఏముంది! ఊరు ఊరంతా ఎడమచేత్తో తింటోంది. డాక్టరమ్మ కూడాను.

పులుసు వడ్డిస్తున్న ఎల్లాజీ ఆమె విస్తరి ముందు ఆగాడు.

"ఏటే పోలీ, నలుగురిలో ఆ కుడిసెయ్యేటి? సిగ్గునేదా?"

పోలమ్మకి ఎక్కడలేని సంతోషం పొంగింది. గబగబా చెయ్యి మార్చింది. కానీ ఆ చేత్తో ఆమె ఏనాడూ అన్నం తిన్నది కాదు. ముద్ద నోటిదాకా రాకుండానే ఒళ్లో పడింది.

ఎల్లాజీ జాలిగా తలాడించాడు.

"ఒకపాలి నువ్వు కూడా ఆ టోపీ ఎట్టుకోరాదేటే!"