ఎర్రదీపం ఒక్కసారే వెలిగింది

లోపలికి వచ్చిన మనిషి కుర్చీ చూపించినా కూర్చోలేదు. బస్సు డ్రైవరు యూనిఫాంలోనే ఉన్నాడు. గడ్డం మాసిపోయి ఉంది.

"మా ఆవిణ్ణి నేనే చంపానంటున్నాడండీ మా మావయ్య. పాపని తీసుకెళ్ళిపోయాడు. రేపో మాపో పోలీసులకి చెబుతాడట. పాప లేకపోతే నేను బతకలేనండీ."

డిటెక్టివ్ నలభై దాటిన మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆవిడ అసిస్టెంటు ఆవిడకన్నా పెద్దవాడు. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు కాబట్టి అందరూ మాస్టారంటారు. మేడమ్ తుమ్మినా అందులో ఏదో మర్మం ఉందని నమ్మే రకం. ఆయన మంచినీళ్ళ గ్లాసు తెచ్చి డ్రైవరు చేతిలో పెట్టాడు.

నీళ్ళు తాగాక సంగతి బయటికొచ్చింది. భార్యకి పేగు ఆపరేషనైంది. కుట్లు వేసేముందు సర్జన్ లోపల గోరంత కూడా లేని సెన్సర్ ఒకటి పెట్టాడు. గాయం లోపల వేడెంతుందో అది చెబుతుంది. గాయం మానేసరికి ఒంట్లోనే కరిగిపోతుంది కాబట్టి, తియ్యడానికి మళ్ళీ కొయ్యక్కర్లేదు. పొట్ట దగ్గర రీడర్, అంటే దాన్ని చదివే చేతిమిషను, పెడితే పచ్చదీపం వెలుగుతుంది. లోపల చీము పట్టి వేడెక్కితే ఎర్రదీపం. ఆ సెన్సర్ తయారుచేసింది స్వయానా ఆమె తండ్రి.

"రోజూ ఆయనే వచ్చి చూసేవాడండీ. ఎప్పుడూ పచ్చే. ఒక్కరోజు ఆయనకి పని తెమల్లేదు, నేను పెట్టాను. ఎర్రదీపం వెలిగింది. గుండె ఆగినంత పనైంది. ఫోన్ చేస్తే పరిగెత్తుకొచ్చాడు. ఆయన పెడితే మళ్ళీ పచ్చ!"

"ఏమన్నాడు?"

"స్టీరింగు తిప్పే చేతులకి ఇదేం తెలుస్తుంది, ఇంకెప్పుడూ ముట్టుకోకు అన్నాడు. పెద్దవాడు కదాని నోరు మూసుకున్నానండీ. నొప్పి బిళ్ళల వల్ల పైకి జ్వరం కనబడలేదు. కనబడేసరికి రక్తమంతా పాడైపోయిందన్నారు."

"మరి మీరు చంపారని ఎందుకంటున్నాడు?"

"తన సెన్సర్ తప్పు చెప్పదంటాడు. నేనే రీడర్‌ని పాడుచేశానంటాడు." సంచిలోంచి రీడర్ తీసి బల్లమీద పెట్టాడు.

డిటెక్టివ్ దాన్ని తెలిసినవాళ్ళకి చూపించింది. అందులో ఏ లోపమూ లేదు. అందులో మిగిలి ఉన్న ఆఖరి కొలత పచ్చగా ఉంది, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. ఆ గీతల దగ్గరే ఆవిడ ఆగింది.

"కరిగేకొద్దీ సిగ్నల్ తగ్గాలి కదా?" అని సర్జన్‌ని అడిగింది.

"తగ్గాలి. పెద్దాయన చేతి పని కదా, అందుకే గట్టిగా ఉందనుకున్నాను."

"ఎర్రదీపం గురించి డ్రైవరు మీకు చెప్పాడా?"

సర్జన్ ముఖం మాడిపోయింది. "చెప్పాడు. చేసినాయనే పొరపాటంటుంటే..." అని మధ్యలో మింగేశాడు.

పెద్దాయన సెన్సర్లు తయారుచేసే వర్క్‌షాపులో, పరీక్షల బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి వాళ్ళకి ఓ డబ్బా చూపించింది. "ఏ సెన్సర్నీ ఒంటరిగా చెయ్యం మేడమ్. ఒకటి మనిషిలోకి, దాని జంట ఈ పొడి డబ్బాలోకి. తేడా వస్తే పోల్చుకోడానికి. రెండింటి గుర్తూ ఒకటే కదా, పక్కపక్కన ఉంటే రీడర్ గట్టిగా పలికేదాన్నే పట్టుకుంటుంది. అందుకే జంట డబ్బా దాటకూడదు. పెద్దాయన పెట్టిన రూలు. దాటిస్తే మా వీపు విమానం మోతే!"

"డబ్బాలో ఎన్నాళ్ళుంటాయి?"

"తడి తగలకపోతే ఎన్నాళ్ళైనా."

డబ్బాలో ఒక గడి ఖాళీగా ఉంది. డిటెక్టివ్ ఏమీ అడగకుండా మూత మూసింది.

పెద్దాయన ఇంట్లో మాటలు ఎంతోసేపు సాగలేదు. అల్లుడి పేరెత్తగానే ఒంటికాలిమీద లేచాడు. "తల్లి లేని పిల్లని కళ్ళలో పెట్టుకుని పెంచానమ్మా! వాడి చేతిలో పెడితే చంపేశాడు." అరుస్తున్నంతసేపూ ఆయన ఎడమచెయ్యి చొక్కా జేబుమీదే ఉంది. ఆ జేబుకి గుండీ పెట్టి ఉంది.

"ఆయనకి గుండెజబ్బున్నట్టుంది మేడమ్," అన్నాడు మాస్టారు, వీధిలోకొచ్చాక.

"రేపు అందరినీ ఇక్కడికే పిలవండి మాస్టారూ," అంది ఆవిడ. ఆ గొంతు విని మాస్టారికి భయమేసింది. కేసు తేలినప్పుడు ఆవిడ ఎప్పుడూ అలా మాట్లాడదు.

మర్నాడు సర్జనూ డ్రైవరూ పెద్దాయన ఇంటి ముందుగదిలో కూర్చున్నారు. పక్కగదిలో పాప బొమ్మతో మాట్లాడుకుంటోంది. డ్రైవరు కళ్ళు ఆ తలుపుమీంచి కదల్లేదు.

డిటెక్టివ్ పెద్దాయన పక్కన నిలబడి రీడర్ నొక్కింది. పచ్చదీపం వెలిగింది. గీతలు నిండుగా ఉన్నాయి.

 డ్రైవరు భార్య లేదు, ఆమెతోపాటు ఆ సెన్సరూ లేదు. మరి ఈ పలుకుతున్నది ఎవరు?

ఆవిడ రీడర్‌ని సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళింది. గీతలు తగ్గాయి. గుమ్మం పక్కనున్న డ్రైవరు దగ్గర దీపం ఆరిపోయింది. పెద్దాయన ముందుకొచ్చి నిలబడేసరికి మళ్ళీ పచ్చగా వెలిగింది.

"ఆ జేబులో ఏముందండీ?" అని మెల్లగా అడిగింది.

పెద్దాయన జేబుకేసి చూసుకున్నాడు, తర్వాత దీపంకేసి. అందరికన్నా ముందు అర్థమైంది ఆయనకే. సన్నటి పనికి అలవాటుపడ్డ ఆ వేళ్ళకి గుండీ లొంగలేదు. చివరికి చిన్న గాజుసీసా ఒకటి బల్లమీద పెట్టాడు.

"చంపాలని ఎవరూ అనుకోలేదు," అంది డిటెక్టివ్. ఆ మాట చెప్పడం ఆవిడకీ కష్టంగానే ఉంది. "ఒంట్లోది కరుగుతూ వచ్చింది, సిగ్నల్ తగ్గింది. జేబులోది కరగలేదు. మీరు మంచం పక్కన కూర్చున్నప్పుడల్లా రీడర్ దాన్నే పట్టుకుంది. మీరు లేని రోజున ఒక్కసారి మీ అమ్మాయిది పట్టుకుంది. అదే ఎర్రదీపం. ఇది చెప్పకుండా పోదామనుకున్నాను. కానీ చెప్పకపోతే, తప్పు చెయ్యని మీ అల్లుడు తన పాపని పోగొట్టుకుంటాడు."

"ఇంట్లో దాచుకుందామనే తెచ్చానమ్మా," అన్నాడు పెద్దాయన. "నా చిట్టితల్లి ఒంట్లో ఉన్నదాని తోడు కదా... జేబులోంచి తియ్యబుద్ధి కాలేదు. దగ్గరుంటే ఇదే పలుకుతుందన్నది మర్చిపోయాను. ఆ రూలు పెట్టింది నేనే." సీసాకేసి చూశాడు. "నా ఒంటి వెచ్చదనం చూసి, నా బిడ్డ చల్లగా ఉందనుకున్నాను."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మేడమ్‌ని మెచ్చుకోవాలన్న ఊహే ఆయనకి రాలేదు.

గొంతులు విని పాప బయటికొచ్చింది. తండ్రిని చూసి "నాన్నా!" అంటూ కాళ్ళకి చుట్టేసుకుంది. డ్రైవరు దాన్ని ఎత్తుకుని, మామగారికేసి చూశాడు. తిట్టాల్సిన మాటలన్నీ ఉన్నాయి అతని దగ్గర. అయినా వచ్చి ఆయన పక్కనే కూర్చున్నాడు.

డిటెక్టివ్ బల్లమీద పెట్టిన రీడర్‌లో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. పెద్దాయన రీడర్ అందుకుని, దాన్ని ఆపలేక, అల్లుడి చేతిలో పెట్టాడు.

"నువ్వే ఆపు నాయనా. ఉన్నది ఉన్నట్టు చూసింది నువ్వొక్కడివే."

డ్రైవరు నొక్కాడు. పచ్చదీపం ఆరిపోయింది. పెద్దాయన చెయ్యి అలవాటుగా జేబుమీదికి వెళ్ళి, అక్కడ ఏమీ లేక అలాగే ఉండిపోయింది.